అరిగిన మూస

వేట నిషేధం ఎత్తేసిన కొత్తల్లో తాండవ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర బోటు తిరగబడి జోగులు సముద్రం పాలయ్యాడు. ఆ రోజు ఇంజను దగ్గర కూర్చున్నవాడు అతని బావమరిది పెదబాబు. తాగి ఇంజను నడిపి బావను చంపుకున్నాడని పల్లె తేల్చేసింది. అప్పటి నుంచి ఏ బోటూ అతన్ని ఎక్కించుకోలేదు. జోగులు భార్య, తోడబుట్టిన అక్క పైడితల్లి కూడా తమ్ముడి మొహం చూడ్డం మానేసింది. ఈమధ్య ఇసుకలో కూరుకుపోయిన ఇంజనును పల్లెవాళ్ళు పైకి లాగారు. పైడితల్లి దాన్ని విప్పించి, లోపలి క్యామ్ షాఫ్టును గోనెలో చుట్టి, తమ్ముణ్ణి రమ్మని సైగ చేసి నర్సీపట్నం బస్సెక్కింది. ఆ షాఫ్టును గ్రైండింగ్ చేసింది నర్సీపట్నంలో తుని రోడ్డు మీదున్న జగదీశ్వరరావు వర్క్‌షాపులోనే. పోయినవారం వాళ్ళిద్దరినీ ఆ షాపు గుమ్మంలో వదిలి వచ్చాం.

గుమ్మంలో వాళ్ళకి మొదట తగిలింది వాసన.

గ్రైండింగ్ మిషను కింద తొట్టెలో, రాయి వేడెక్కకుండా పోసే కూలెంటు నీళ్ళు ఎన్నాళ్ళయి మార్చలేదో ఎవరికీ గుర్తులేదు. రాయి పొడి, ఇనప రజను కలిసి అడుగున నల్లటి బురద పేరుకుంది. పైన మీగడలా తెట్టు కట్టింది. మధ్యాహ్నపు ఎండకి రేకుల కప్పు కాలి, ఆ తొట్టెలోంచి చచ్చిన ఎలక కంపు లేస్తోంది. పైడితల్లి చేపల గంపల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అయినా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

జగదీశ్వరరావు భోజనం చేసి కిళ్ళీ బిగించి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. నలభై అయిదేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, బంగారు గొలుసు. వాళ్ళని చూడగానే లేచి నిలబడ్డాడు. మొహంలోకి వెంటనే జాలి తెచ్చుకున్నాడు.

"రామ్మా, రా. కూసో. ఏటింత దూరం ఒచ్చారు? కబురెడితే నేనే ఒద్దును కదా."

"కూకోడానికి రానేదు బాబూ," అంది పైడితల్లి. "ఒకటడగడానికొచ్చినాం. ఈడు తాగి నా మొగుణ్ణి సంపినాడని ఊరంతా అంటంది. దినంనాడు నువ్వూ ఒచ్చి, ముందురోజు ఈడి నోట్లో సారా కంపు కొట్టిందని పదిమందిలో సెప్పినావు. ఈడేమో తాగనేదు, ఇంజనే లాగనేదంటాడు. ఇదిగో, ఇంజన్లోది. ఇద్దరూ నా కళ్ళ ముందలే ఉన్నారు. ఎవుడు అబద్దమాడతండో నాకు తెలవాల."

గోనె విప్పి షాఫ్టును బల్ల మీద పెట్టింది. పెదబాబు ఆమెకి నాలుగడుగుల వెనక, గుమ్మంలోనే ఆగిపోయాడు.

జగదీశ్వరరావు షాఫ్టును రెండు వేళ్ళతో దొర్లించి చూశాడు.

"సూడమ్మా, ఇది నా చేతిలోంచి ఎళ్ళినప్పుడు అద్దంలా ఉంది. ఉప్పునీళ్ళల్లో ఇన్నాళ్ళు నానాక ఇందులో ఏటుంటాది సూడ్డానికి? పోయినోడు మంచోడు. నాకు తెలీదా? కానీ కుర్రోళ్ళు తప్పు సేసి ఇంజను మీదకి తోసేస్తే ఎలాగమ్మా?"

అలా అంటూనే పక్కకి వంగి కూలెంటు తొట్టెలోకి ఎర్రగా ఉమ్మేశాడు.

లోపలి బల్ల దగ్గర ఒక క్రాంక్ షాఫ్టును కొలుస్తున్న ఝాన్సీలక్ష్మి తలెత్తింది. ఆమె జగదీశ్వరరావు భార్య. అనకాపల్లిలో తండ్రి లేతు షాపులో పెరిగింది. పెళ్ళయి ఇక్కడికొచ్చిన నాటి నుంచి ఈ షాపులో కొలతల పని ఆమెదే. క్యామ్ షాఫ్టులు మాత్రం జగదీశ్వరరావు ముట్టుకోనిచ్చేవాడు కాదు. 'ఆటితో నీకు తలనొప్పి, నేను సూసుకుంటాను' అనేవాడు. ఇన్నాళ్ళూ అది తన మీద ప్రేమ అనుకుంది.

"ఇలా ఇవ్వండి, నేను చూస్తాను," అంది లేచి వస్తూ.

"కొలిసేదేటి? తుప్పు పట్టిందని కళ్ళకి కనబడతా ఉంటే?"

"కొలిస్తే పోయేదేముందండీ?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. షాఫ్టును ఇత్తడి బ్రష్షుతో రుద్ది, కిరసనాయిలుతో కడిగి, తుడిచి, బల్ల మీద రెండు సెంటర్ల మధ్య బిగించింది. చివర డిగ్రీల ప్లేటు తగిలించింది. డయల్ గేజి మొనను మొదటి మిట్ట మీద ఆనించి మెల్లగా తిప్పడం మొదలుపెట్టింది.

ఇంజను గాలి పీల్చాలన్నా, కాలిన పొగ వదలాలన్నా వాల్వులు తెరుచుకోవాలి. వాటిని తెరిచేవి ఈ షాఫ్టు మీద వరసగా ఉండే కోడిగుడ్డు ఆకారపు మిట్టలు. మిట్ట ఎత్తు తగ్గినా, లేవాల్సిన చోట కాక కాస్త ముందో వెనకో లేచినా ఇంజనుకి ఊపిరి సరిగ్గా ఆడదు. ఈ రకం ఇంజనుకి ముల్లు ఎంత దూరం పోవాలో ఝాన్సీకి చూడకుండా తెలుసు. ముల్లు అంత దూరం పోలేదు. మిల్లీమీటరుకి పైగా మిగిలుండగానే వెనక్కి తిరిగింది. రెండో మిట్ట, మూడో మిట్ట, అన్నీ అంతే. మూడో సిలిండరు దగ్గర పొగ వదిలే మిట్ట ఎత్తు తక్కువ కావడమే కాదు, ప్లేటు మీద గుర్తు దాటిపోయాక గానీ లేవలేదు.

"ఉప్పు తినేసింది," అన్నాడు జగదీశ్వరరావు వెనక నుంచి. "నేను సెప్పలే?"

ఝాన్సీ మిట్టల మీద వేలు పెట్టి తడిమింది. తుప్పు తిన్న చోట ఇనుము గుంటలు గుంటలుగా ఉంది. అది షాఫ్టంతా ఉంది, ఒక పక్క అని లేదు. కానీ మిట్టల ఎత్తు మాత్రం అన్నిటికీ ఒకే పక్క, ఒకే తీరుగా జారి ఉంది. ఉప్పు నీళ్ళకి అంత లెక్క తెలియదు.

ఆమె గోడ వారగా ఉన్న ఇనప ర్యాకు దగ్గరికి వెళ్ళింది. మొన్న సాయంత్రం గ్రైండింగ్ అయిన షాఫ్టు ఒకటి పాత పేపర్లో చుట్టి అక్కడ ఉంది. అదే రకం ఇంజనుది. కొయ్యూరు ఘాట్లో వెదురు దింపే లారీది.

జగదీశ్వరరావు నోట్లో కిళ్ళీ నమలడం ఆగింది.

"దాన్నెందుకు తీస్తావ్? పార్టీ ఒచ్చే టైమైంది. పెట్టు అక్కడ."

పేపరు విప్పితే షాఫ్టు మెరిసిపోయింది. దాన్ని సెంటర్ల మధ్య పెట్టి తిప్పింది. ముల్లు లేచింది. సరిగ్గా అదే చోట వెనక్కి తిరిగింది. మూడో సిలిండరు దగ్గర సరిగ్గా అదే గుర్తు దాటాక లేచింది. నమ్మలేక మళ్ళీ బిగించి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అంతే.

"ఇది కూడా సముద్రంలో నానిందాండీ?" అని అడిగింది.

పైడితల్లి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"ఏటమ్మా అది? మాకు తెలిసేలాగ సెప్పు."

ఝాన్సీ నేరుగా మిషను దగ్గరికి నడిచి, ఎడమ చివరనున్న రేకు మూత మరలు విప్పింది. జగదీశ్వరరావు "ఝాన్సీ!" అని ఒక్క అరుపు అరిచాడు. మూత అప్పటికే ఆమె చేతిలో ఉంది.

ఆ మిషను సొంతంగా ఆకారం చెక్కలేదు. ఆ మూత వెనక ఒక మూస ఉంటుంది. మాస్టర్ క్యామ్ అంటారు. దాని మీద ఒక రోలరు దొర్లుతుంది. మూస ఎత్తు పల్లాల్ని బట్టి రోలరు లేస్తుంది, దిగుతుంది. దాంతో పాటే షాఫ్టు పట్టుకున్న బల్ల ఊగుతుంది. ఎదురుగా తిరుగుతున్న రాయి షాఫ్టు మీద అదే రూపాన్ని దించుతుంది. కోయంబత్తూరు నుంచి మిషనుతో పాటు వచ్చిన మూసలు నల్లగా, నున్నగా, పక్కన నంబర్లు కొట్టి ఉండేవి. ఇప్పుడక్కడ బిగించి ఉన్నవి అవి కావు. ఏదో పాత లారీ షాఫ్టును ముక్కలుగా కోసి, మధ్యలో బెజ్జం వేసి తగిలించినవి. పోత గుర్తులు కూడా చెరపలేదు. ఆ మిట్టలు ఎన్నేళ్ళు తిరిగి తిరిగి మొద్దుబారాయో, వాటి ముక్కుల మీద అరిగిన చార తళతళలాడుతోంది. మూడో సిలిండరు పొగ మిట్టకి పెట్టిన ముక్క కొంచెం పక్కకి తిరిగి ఉంది. బిగించేటప్పుడు సరిచూసినవాడు లేడు.

"మూస అరిగిపోయిందమ్మా," అంది ఝాన్సీ పైడితల్లి వైపు తిరక్కుండానే. "దీని మీద చేసిన ప్రతి షాఫ్టూ అరిగిపోయినట్టే పుడుతుంది. పైకి కొత్తగా మెరుస్తుంది. ఇంజను మాత్రం లాగదు. మీ తమ్ముడు చెప్పింది నిజం."

పెదబాబు గుమ్మం పట్టుకుని మెల్లగా కిందకి జారి కూర్చున్నాడు.

"అల లెగిసింది," అన్నాడు అక్కతో, నేలకేసి చూస్తూ. "బావ 'ఇయ్యరా ఇయ్యి' అని కేకేసినాడు. రేజు ఆకర్దాకా ఇచ్చినానప్పా. ఇంజను అరిసింది. అరిసింది గానీ లాగనేదు. బోటు అడ్డం తిరిగిపోనాది. బావ నాకేసి సూసినాడు. నాను తాగినాననే అనుకోనుంటాడు. అలాగే అనుకోని పోనాడప్పా."

పైడితల్లి వెళ్ళి అతని ముందు చతికిలబడింది. రెండు చేతులతో తల పట్టుకుని తన గుండెకేసి ఒత్తుకుంది. "నేదురా. నేదురా తమ్ముడా. ఆడలా అనుకోడు," అని అదే మాట అంటూ ఉండిపోయింది.

జగదీశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. కళ్ళల్లో భయం ఉంది గానీ సిగ్గు లేదు. ఝాన్సీ దాని కోసమే వెతికింది. దొరకలేదు.

"కంపెనీ మూస పగుళ్ళిచ్చింది," అన్నాడు. "కొత్తది రావాలంటే నెలలు పడతాది. మిషను ఖాళీగా కూసోబెడతామేటి? ఎంతమంది సేస్తున్నారో తెలుసా ఇలాగ? నా దగ్గర సేయించిన బళ్ళు ఎన్ని తిరగటం లేదు? ఒక్కడైనా ఒచ్చి అడిగాడా? కొంచెం పొగొస్తాది. కొంచెం లాగదు. డ్రైవరు ఇంకొంచెం తొక్కుతాడు. అంతే. ఎవడు కొలుస్తాడు?"

"ఒక కొత్త షాఫ్టు కొని దాన్నుంచి మూస తీసినా సరిపోయేది కదండీ. పాతదాన్ని కోశారు. పోనీ దాన్నయినా సరిగ్గా బిగించలేదు."

"ఇప్పుడేమంటావు? బోటోళ్ళు మునగాలని సేశానేటి?"

"ఇతని నోట్లో సారా వాసన మీరెప్పుడు చూశారు?"

అతను అటు తిరిగాడు.

"ఆ ముందురోజు మీరు విశాఖపట్నంలో ఉన్నారు. నేనూ మీతోనే ఉన్నాను," అంది ఝాన్సీ. "ఇతన్ని మీరు చూడనే లేదు. దినంనాడు ఆ ఇంటికెళ్ళి, ఆవిడ పెట్టిన అన్నం తిని, అదే నోటితో ఆ మాట చెప్పి వచ్చారు. రాత్రికి చేపలు చాలా బావున్నాయని నాకూ చెప్పారు."

చెప్పి ఝాన్సీ అతని నోటికేసి చూసింది. ఆ నోరు రోజూ తన ఎదురుగా అన్నం తింటుంది. ఆ చేతులు కడుక్కోవడానికి రోజూ నీళ్ళు తనే ఇస్తుంది. ఇంట్లో దేవుడి పటాలకి పూలు పెట్టేదీ ఆ చేతులే. తొట్టెలో తెట్టు మీద అతను ఉమ్మిన ఎర్రటి మరక ఇంకా కరగకుండా తేలుతోంది. చూపు తిప్పుకుంది.

జగదీశ్వరరావు పైడితల్లి వైపు తిరిగాడు. మళ్ళీ ఆ జాలి మొహం తగిలించుకున్నాడు.

"సూడమ్మా, జరిగిందేదో జరిగింది. మీ ఇంజను మళ్ళీ బిగించుకోండి. షాఫ్టు నేను ఊరికినే సేసిస్తాను. రేపే. ఇదిగో, ఈ మిషను మీదే, నా సేత్తోనే సేసిస్తాను."

పైడితల్లి తలెత్తి అతన్ని చూసింది. తిట్టలేదు. శాపనార్థాలు పెట్టలేదు. చేపల మార్కెట్లో పాడైన సరుకును చూసినట్టు చూసి, "తూ!" అని అతని కాళ్ళ ముందు ఉమ్మేసింది.

"మా పల్లె సోమన్నకి గూడా ఇలాగే సేసిచ్చినావు కదా," అన్నాడు పెదబాబు ఉన్నట్టుండి. అతని గొంతు మారిపోయింది. "పోయినవారం ఆడి బోటు షాఫ్టు ఇక్కడే సేసినారు. అవునా? అదీ దీని మీదేనా?"

జగదీశ్వరరావు కిళ్ళీ మింగాడు.

"అడుగుతున్నాడు, చెప్పండి," అంది ఝాన్సీ. "బోటు తిరగబడి మనిషి పోయాడని తెలిశాక కూడా ఈ మూసతోనే ఇంకో బోటుకి చేశారా?"

"ఆపేస్తే అనుమానం రాదేటి?" అన్నాడు అతను.

ఝాన్సీ చేతిలోని రేకు మూత జారి కింద పడింది. భర్త తిట్టినప్పుడు, దాచినప్పుడు, అబద్ధాలాడినప్పుడు ఆమె ఏదో ఒక సర్దుబాటు వెతుక్కునేది. ఈ మాటకి వెతుక్కోవడానికి ఏమీ మిగల్లేదు.

పైడితల్లి అప్పటికే లేచి నిలబడింది.

"నా బుజ్జిబాబు," అంది. "ఒరే పెదబాబూ, బుజ్జిబాబు సోమన్న బోటెక్కినాడురా. నిన్న తెల్లారకుండా ఎల్లినారు."

బుజ్జిబాబు ఆమె పెద్ద కొడుకు. తండ్రి పోయాక ఇల్లు నడపడం కోసం మొన్ననే వేటకి ఎక్కాడు.

"ఈయాల సాయంత్రానికి ఒచ్చేస్తారు," అన్నాడు పెదబాబు. "ఇప్పుడు మొగ మంచిగా నేదప్పా. ఇసక మేట ఏసింది. ఆటు మీద లోపలికొస్తే అల నెత్తినెక్కుతాది. పోటు ఒచ్చేదాకా బయటే లంగరేసి ఉండాల. ఆళ్ళకెవుడు సెప్తాడు? బేగి ఎల్లాల."

ఝాన్సీ షాపు ఫోను అందుకుంది. పల్లెలో ఉన్నది ఒకే ఒక్క ఎస్టీడీ బూతు. గంట మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. ఫోను పెట్టేసి పానా తీసుకుని మిషను దగ్గరికెళ్ళి, మూస ముక్కల్ని ఒక్కొక్కటే విప్పి పైడితల్లి తెచ్చిన గోనెలో వేసింది. జగదీశ్వరరావు అడ్డం వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"ఏటి సేస్తున్నావ్? మతిపోయిందా? అయి బయటికెళ్తే మనం రోడ్డున పడతాం."

"చెయ్యి తీయండి," అంది ఆమె. "నాకు అసహ్యంగా ఉంది."

ఆమె గొంతు పెంచలేదు. అందుకేనేమో అతను చెయ్యి తీసేశాడు.

బస్టాండు దగ్గర టాక్సీ మాట్లాడుకున్నారు. పాత అంబాసిడరు. తుని దగ్గర రైలు గేటు వేసి ఉంటే పెదబాబు కారు దిగి, గేటు కేసి, ఆకాశం కేసి చూస్తూ నిలబడ్డాడు. తాండవ వంతెన దాటి, పాయకరావుపేటలోంచి సముద్రం దారి పట్టేసరికి ఎండ పసుపు రంగుకి తిరిగింది. పైడితల్లి ముందు సీటు అంచు పట్టుకున్న చెయ్యి వదల్లేదు. గోనె ఝాన్సీ ఒళ్ళో ఉంది. ఆమె చీరకి నల్లటి నూనె అంటుకుంటోంది. తుడుచుకోలేదు.

ఇసుక మొదలైన చోట కారు ఆగిపోయింది. ముగ్గురూ పరుగెత్తారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు పెదబాబును చూసి మొహాలు తిప్పుకున్నారు.

"తెప్ప ఇయ్యండి! సోమన్న బోటు లోపలికి రాకూడదు. ఆపాల," అని పెదబాబు అరిచాడు.

ఎవరూ కదల్లేదు.

"ఈడు సంపనేదు!" పైడితల్లి కేక ఒడ్డంతా వినిపించింది. "నా మొగుణ్ణి సంపింది ఈడు కాదు. నా నోటితో నానే సెప్తన్నాను. నా బిడ్డ ఆ బోటులో ఉన్నాడు. ఈడికి తెప్ప ఇయ్యండి!"

అందరికన్నా పెద్దవాడొకడు చేతిలో వల కింద పడేసి లేచాడు. ఇద్దరు ముగ్గురు అతని వెనకే లేచారు. తెప్పను ఇసుక మీంచి నీళ్ళలోకి తోశారు. పెదబాబు దాని మీదకి దూకి తెడ్డు అందుకున్నాడు. మొదటి అల అతన్ని తెప్పతో సహా ఒడ్డుకి విసిరికొట్టింది. లేచాడు. మళ్ళీ తోశారు.

"అదుగో," అన్నారెవరో.

మొగకి అవతల, తెల్లగా విరుగుతున్న అలల వెనక, సోమన్న బోటు కనబడింది. ఒడ్డుకి సమాంతరంగా నెమ్మదిగా వస్తోంది. ఇంకా తిరగలేదు. పైడితల్లి ఇసుక దిబ్బ ఎక్కింది. కొంగు విప్పి రెండు చేతులా పట్టుకుని, వెనక్కి పొమ్మని, వెనక్కి పొమ్మని ఊపసాగింది. ఝాన్సీ గోనె కింద పడేసి ఆమె పక్కకి చేరి తనూ చేతులు ఊపింది. గాలి ఎదురుగా కొడుతోంది. వాళ్ళ కేకలు వాళ్ళకే వినపడటం లేదు.

మొగుడు పోయిన రోజు నుంచి పైడితల్లి ఒడ్డుకి రాలేదు. బోటు ముందు భాగంలో నిలబడిన బుజ్జిబాబు ఆమెను గుర్తుపట్టాడు. అమ్మ ఇన్నాళ్ళకి తన కోసం ఒడ్డుకొచ్చిందనుకున్నాడు. తలకి చుట్టిన తువాలు విప్పి, సంతోషంగా, అంతే జోరుగా ఆమెకేసి ఊపాడు. తర్వాత వెనక్కి తిరిగి ఇంజను దగ్గరున్నవాడికి ఏదో చెప్పాడు.

బోటు ముక్కు మొగలోకి తిరిగింది.